మోకాలి ఎత్తులో ఫోటో

మా అక్క మీద నాకు కుళ్ళు. ఈ మాట కాగితం మీద పెట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది గానీ, ఆ రోజుల్లో మావాళ్ళందరికీ తెలిసిన విషయమే. అక్కకి తప్ప. అక్కకీ తెలుసేమో. తెలిసి కూడా తెలియనట్టు ఉండటం ఆవిడకి పుట్టుకతో వచ్చిన విద్య. నాకు ఆ విద్య మీద కూడా కుళ్ళే.

కారణం మా అమ్మాయి. దానికి రెండేళ్ళు నిండిన నెలలోనే నాకు డిట్రాయిట్‌లో డాక్టరుగా రెసిడెన్సీ దొరికింది. మూడు రోజులకొక రాత్రి ఆస్పత్రిలోనే పడుకోవాలి. మావారు అప్పుడు వేరే రాష్ట్రంలో పీహెచ్‌డీ పూర్తిచేసే తంటాల్లో ఉన్నారు. ఫిలడెల్ఫియా దగ్గర ఉండే అక్క ఫోన్ చేసి, "పిల్లని నా దగ్గర వదలవే. నాకు మాత్రం పగలంతా ఏం పని?" అంది. నాకంటే పదేళ్ళు పెద్దది. తన కొడుకు అప్పటికే హైస్కూల్లో ఉన్నాడు. వదిలాను. రెండు మూడు నెలలకోసారి వెళ్ళి చూసి వచ్చేదాన్ని. ఏడాది అనుకున్నది రెండేళ్ళయింది. నాలుగేళ్ళ పిల్లని వెనక్కి తెచ్చుకున్న రోజు అది కార్లో ఒహాయో దాటేదాకా "పెద్దమ్మ కావాలి" అని ఏడ్చింది. నేను ముందు సీట్లో కూర్చుని, ఓదార్చాల్సిందిపోయి, ఉడికిపోయాను.

ఇప్పుడు చెప్పేది ఆ తర్వాత రెండున్నరేళ్ళకి, ఎనభైల మొదట్లో ఒక జూన్‌లో చేసిన ప్రయాణం. మావారికి డిట్రాయిట్‌లోనే ఉద్యోగం వచ్చింది. నాకు జూలై ఒకటి నుంచి ఫెలోషిప్ మొదలు. అంటే మళ్ళీ రాత్రి డ్యూటీలు. ఆ లోపల రెండు వారాలు సెలవు పెట్టి కారేసుకుని బయల్దేరాం. పిట్స్‌బర్గ్‌లో మావారి బాబాయి కొడుకు ఇల్లు, అక్కడి గుడి, దారిలో కార్లూ కరెంటూ వాడని ఆమిష్ వాళ్ళ ఊళ్ళు, ఆ తర్వాత అక్క ఇంట్లో నాలుగు రోజులు. ఇదీ ప్లాను.

ప్లానులో లేనిది, కార్లో మేమిద్దరం ఎత్తని మాట ఒకటుంది. నెల ముందే అక్క ఉత్తరం రాసింది. నీకు మళ్ళీ నైట్ డ్యూటీలు కదా, పిల్లని ఈ ఏడాది ఫస్ట్ గ్రేడ్ ఇక్కడ చదివించనా అని. మావారు ఉత్తరం చదివి, "ఆలోచిద్దాం" అన్నారు. ఆలోచిద్దాం అంటే మావారి భాషలో సరే అని. నేను మాత్రం ఆలోచించడానికి ఏమీ లేదనుకున్నాను. సామాన్లు సర్దేటప్పుడు అమ్మాయికి ఐదంటే ఐదే గౌన్లు పెట్టాను. ఎక్కువ బట్టలుంటే అక్కడే ఉండిపోతుందేమోనని నా భయం. ఒక డాక్టరు చేసే ఆలోచన కాదది, కానీ చేశాను.

మాది పాత స్టేషన్ వ్యాగన్. ఏసీ లేదు. వెనక ఐస్ బాక్స్‌లో పెరుగు, పులిహోర, వేయించిన అప్పడాలు. మోటెల్లో వాసన బయటికి పోకుండా బాత్రూమ్ తలుపేసి అన్నం వండుకోవడానికి కరెంటు కుక్కరు. పిట్స్‌బర్గ్‌లో ఆ బాబాయి కొడుకు భార్య అమ్మాయిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "అబ్బ, తెలుగు ఎంత బాగా మాట్లాడుతోంది అక్కయ్యా. మా వాడికి ఒక్క ముక్క రాదు. ఎలా నేర్పారు?" అంది. నేను నోరు తెరిచేలోపే అమ్మాయి, "పెద్దమ్మ నేర్పింది" అంది. అబద్ధం కాదు. మర్నాడు గుడి కింద హాల్లో పులిహోర మూడుసార్లు పెట్టించుకుని తిన్నాను. కోపం వస్తే నాకు ఆకలి ఎక్కువ.

అక్కడి నుంచి తూర్పుగా వెళ్తే లాంకాస్టర్ వైపు ఆమిష్ పొలాలు. నల్ల గుర్రబ్బండ్లు రోడ్డు వారగా పోతుంటే అమ్మాయి కిటికీలోంచి సగం బయటికి వేలాడింది. ఒక పొలం ముందు బల్ల మీద స్ట్రాబెర్రీలు, ఊరగాయ సీసాలు, పళ్ళు కూరి కాల్చిన పై ముక్కలు పెట్టి అమ్ముతున్నారు. ఆగాం. బల్ల వెనక నా ఈడు ఆవిడ, నీలం గౌను, నల్ల ఏప్రన్, నెత్తిన తెల్ల టోపీ. చుట్టూ ఐదుగురు పిల్లలు. అందరికంటే చిన్నది తల్లి ఏప్రన్ అంచు గుప్పిట్లో పట్టుకుని, ఆవిడ ఎటు కదిలితే అటు కదులుతోంది. పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా ఆ ఐదుగురూ ఆవిడ చూపు దాటి ఎక్కడికీ పోరు కదా అనుకున్నాను. ముక్కూ మొహం తెలియని మనిషి మీద కూడా కుళ్ళు పుట్టింది నాకు.

ఆ అంచు పట్టుకున్న చెయ్యిని ఫోటో తీద్దామని కెమెరా ఎత్తాను. ఆవిడ చిన్నదాని తలని అరచేత్తో మెల్లిగా పక్కకి తిప్పి, తనూ వీపు తిప్పేసుకుంది. మావారు నా మోచెయ్యి పట్టుకుని, బల్ల మీదున్న అట్ట చూపించారు. దయచేసి మా ఫోటోలు తీయవద్దని రాసి ఉంది. సిగ్గేసి, అక్కర్లేకపోయినా రెండు బుట్టల స్ట్రాబెర్రీలు కొన్నాను.

కార్లో అమ్మాయి అడిగింది. "ఎందుకు వద్దంది?"

"వాళ్ళ మతంలో ఫోటోలు దిగకూడదమ్మా. ఇంట్లో గోడలకి కూడా పెట్టుకోరు" అన్నారు మావారు.

"ఎవరివీ పెట్టుకోరా?"

"ఎవరివీ."

అమ్మాయి ఏదో ఆలోచిస్తూ స్ట్రాబెర్రీ రసం గౌను మీద కార్చుకుంది. ఉన్న ఐదింట్లో ఒకటి పోయిందని నేను విసుక్కున్నాను.

అక్క ఇంటి ముందు కారు ఆగీ ఆగకముందే అమ్మాయి దిగి, వీధి తలుపు వైపు కాకుండా పక్కనున్న గరాజ్ తలుపు వైపు పరిగెత్తింది. అది తాళం వెయ్యరని దానికి తెలుసు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఫ్రిజ్ కింద అర తెరిచి, అక్క దానికోసం చేసి పెట్టిన కొబ్బరి ఉండల డబ్బా బయటికి తీసింది. మా ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా నన్ను అడుగుతుంది. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, "వచ్చావా తల్లీ" అని దాన్నే ముందు పలకరించింది. ఆ తర్వాత నన్ను చూసి, "చిక్కిపోయావే" అంది. స్ట్రాబెర్రీ మరకైన గౌను మార్చాలంటే, పైన గదిలో సొరుగు తెరిచింది. నిండా గౌన్లు. అన్నీ తను కుట్టినవే. కొలతలు ఎక్కడివని అడిగితే, "ఫోన్లో అడిగానుగా, ఎంత పొడుగయ్యావే అని. డోర్‌కి పెన్సిల్‌తో గీసి చెప్పింది" అంది. నా ఇంట్లో, నా తలుపు మీద, నాకు తెలియకుండా గీత పడిందన్నమాట.

భోజనాల దగ్గర అసలు కథ. పోయిన ఆగస్టులో అక్క పుల్లటి పచ్చి ఆపిల్‌కాయలతో ఆవకాయ పెట్టింది. మామిడికాయలు దొరకని ఆ రోజుల్లో మాకదే మహాప్రసాదం. ఆ ఆవకాయ వేసి, వేడన్నం పెద్ద స్టీలు బేసిన్లో కలిపి, నెయ్యి పోసి, అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని ముద్దలు పెట్టేది. నా దగ్గర చెంచాతో నాలుగు మెతుకులు కెలికి లేచిపోయే పిల్ల, పెద్దమ్మ చేతి ముద్ద కోసం నోరు తెరుచుకుని కూర్చుంది. లెక్కపెట్టాను. తొమ్మిది ముద్దలు తింది.

"పిల్లలకి అంత కారం మంచిది కాదక్కా. నెయ్యి కూడా ఎక్కువవుతోంది" అన్నాను.

"డాక్టరమ్మ చెప్పాక తప్పుతుందా. రేపటి నుంచి కాస్త పెరుగు కలుపుతాలే" అంది అక్క. మర్నాడు పెరుగు కలిపింది. అమ్మాయి పదకొండు తింది.

ఫోటోల విషయంలో కూడా నా బుద్ధి చూపించాను. కొత్త రీలు, ముప్పైఆరు ఫోటోలు. పార్కులో, పెరట్లో, బంతిపూల దగ్గర, ఎక్కడికి వెళ్ళినా అమ్మాయిని నా పక్కన నిలబెట్టుకుని, "అక్కా, ఒకటి తియ్యవూ" అని కెమెరా అక్క చేతికిచ్చేదాన్ని. అక్క ఒక కన్ను మూసుకుని, నాలిక కరుచుకుని, శ్రద్ధగా తీసేది. తనని రమ్మని నేను అనలేదు, తను అడగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం వంటింట్లో గరిటె కిందపడితే తీద్దామని వంగాను. భోజనాల బల్ల పక్కన, చెత్తబుట్టని ఆనుకుని, గోడకి మోకాలి ఎత్తులో, ఇన్నిసార్లు వచ్చినా నా కంట పడని నా ఫోటో. ఇండియా నుంచి బయల్దేరే ముందు పట్టుచీరలో తీయించుకున్నది. దాని నిండా నూనె మరకలు. నోరు ఉండాల్సిన చోట పచ్చటి మరక తప్ప నోరే లేదు. ముందు గదిలో చూస్తే, అమ్మాయి అక్క ఒళ్ళో కూర్చున్న ఫోటో, అంత పెద్ద ఫ్రేములో, సోఫా పైన ఉంది. నా ఒళ్ళు మండిపోయింది. నా పిల్లకి ముందుగదీ, నాకు చెత్తబుట్ట పక్కా. అప్పుడే ఇదేమిటక్కా అని అడిగి ఉంటే సరిపోయేది. అడగడం చిన్నతనం అనిపించింది. చుట్టూ ఎవరూ లేకుండా చూసి ఆ ఫోటో పీకి హ్యాండ్‌బ్యాగ్‌లో దాచుకోవడం మాత్రం చిన్నతనం అనిపించలేదు.

ఆ సాయంత్రం అక్క కదిపింది. అమ్మాయి పెరట్లో ఆడుకుంటోంది. బావగారు పేపరు చదువుతున్నారు, మావారు పక్కనే ఉన్నారు.

"ఒక్క ఏడాదేనే. ఇక్కడ స్కూల్ బస్ ఇంటి ముందుకే వస్తుంది. నువ్వు నైట్ కాల్ చేసి పొద్దున్నే వచ్చి దాన్ని ఎలా రెడీ చేస్తావు? మా వాడు కాలేజీకి వెళ్ళిపోయాక ఇల్లు బావురుమంటోంది."

మావారు, "వదినగారు చెప్పేది కూడా..." అని మొదలుపెట్టారు.

"నా పిల్లని నేను పెంచుకోగలను" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "ఒకసారి పెంచావుగా అక్కా. దాన్ని నాకు కాకుండా చేశావు. చాలు" అన్నాను.

అక్క బల్ల మీద లేని మరకని గుడ్డతో తుడిచింది. బావగారు పేపరు తిప్పారు. మర్నాడు పొద్దున్న మేం లేచేసరికి అన్నం, పెరుగు, నెయ్యి, ఆవకాయ సీసా మూటగట్టి ఐస్ బాక్స్‌లో పెట్టేసింది. అమ్మాయి నుదుటి మీద ముద్దు పెట్టి, నాతో, "జాగ్రత్తగా వెళ్ళండి" అంది. వంటింట్లో ఏదో వెతుకుతున్నట్టుగా ఉంది కానీ నేను పట్టించుకోలేదు. కారు మలుపు తిరిగేటప్పుడు అమ్మాయి వెనక అద్దంలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. నేను వెనక్కి తిరగలేదు. పిల్ల నా కార్లో ఉంది, నా ఇంటికి వస్తోంది, గెలిచాననుకున్నాను.

మావారు లాంకాస్టర్ చేరాక భోజనం వేళకి అదే ఆమిష్ బల్ల దగ్గర ఆపారు. పక్కనే చెట్టు కింద చెక్కబల్ల ఉంది. కూర్చోవచ్చా అని అడిగితే ఆవిడ తలూపింది. నన్ను గుర్తుపట్టిందేమో, నా చేతిలో కెమెరా ఉందా అని చూసింది. లేదు, బ్యాగులో ఉంది.

ఆ రోజు నాకొక పంతం పట్టుకుంది. చెంచాలు తియ్యలేదు. డబ్బా మూతలో అన్నం వేసి, ఆవకాయ వేసి, నెయ్యి పోసి, అచ్చం అక్కలాగే చేత్తో కలిపాను. ముద్ద చేసి అమ్మాయి నోటి దగ్గర పెట్టాను. అది నోరు తెరవలేదు. ముద్దని తన చేతిలోకి తీసుకుని, బల్ల మీదా కిందా చూసింది.

"ఫోటో ఏది?"

"ఏ ఫోటో?"

"పెద్దమ్మది. ఫస్ట్ ముద్ద దూరం ఉన్నవాళ్ళకి కదా."

"ఎవరు చెప్పారు నీకు?"

"పెద్దమ్మే. నేను చిన్నప్పుడు నీ ఫోటోకి పెట్టేదాన్ని కదా. అమ్మ హాస్పిటల్‌లో అన్నం తిందో లేదో, ఫస్ట్ అమ్మకి పెట్టు అనేది. నీ మౌత్‌కి ఇలా పెట్టి, అప్పుడు నేను తినేదాన్ని. ఎవ్రీ డే." ముద్ద గాల్లో ఎవరి నోటికో ఆనించినట్టు చూపించింది. "పైన ఉంటే నాకు అందదని పెద్దమ్మ నా హైట్‌కి పెట్టింది."

మావారు తింటున్నది ఆపేశారు. నా హ్యాండ్‌బ్యాగ్ నా పక్కనే బల్ల మీద ఉంది. దాని వైపు చూడటానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. రెండేళ్ళు, రోజూ, నేను లేని ఇంట్లో మొదటి ముద్ద నాకే పడింది. దాన్ని నాకు కాకుండా చేశావన్నాను అక్కని.

అమ్మాయి ముద్ద పట్టుకునే ఉంది. బల్ల వెనక ఉన్న ఆమిష్ పిల్లల్ని చూసింది. మళ్ళీ నన్ను చూసింది. కొంచెం ఆలోచించి అడిగింది.

"అమ్మా, మన ఇంట్లో కూడా పెద్దమ్మ ఫోటో లేదు. మనం కూడా ఆమిషేనా?"

వెక్కిరింతకి అడగలేదు. నిజంగానే అడిగింది. మూడు రోజులుగా దాని బుర్రలో తిరుగుతున్న ప్రశ్న అది. దాన్ని వెనక్కి తెచ్చుకున్న కొత్తలో ఒకసారి పెద్దమ్మ ఫోటో పెట్టమని అడిగింది కూడా. తర్వాత పెడదాంలే అన్నాను. అక్క ఫోటోలున్న ఆల్బమ్ మంచం కింద పెట్టెలోకి తోశాను, చీరల అడుగున. మళ్ళీ అడగలేదు పిల్ల. మా ఆచారం అదే కాబోలు అనుకుందన్నమాట.

నేను ఏడ్చాను. ఏడుస్తూనే చెయ్యి కడుక్కుని కెమెరా తీసి చూశాను. ముప్పైఒకటి అయిపోయాయి. వాటిలో ఒక్కదాంట్లోనూ అక్క లేదు. అన్నీ అక్క తీసినవే.

"ఇంకా ఎన్ని ఉన్నాయి?" అన్నారు మావారు.

"ఐదు."

ఆయన డబ్బాలు సర్ది, ఐస్ బాక్స్ ఎత్తి, కారు తూర్పుకి తిప్పారు. గంటంపావు ప్రయాణం.

అక్క తలుపు తీసింది. పొద్దున వేసుకున్న వంటింటి నైటీలోనే ఉంది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. "ఏం మర్చిపోయారే?" అంది కంగారుగా.

బ్యాగులోంచి ఫోటో తీసి ఇచ్చాను.

అక్క దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "నీ దగ్గరుందా. నిన్న రాత్రి నుంచి వెతుకుతున్నానే. ఊడి చెత్తబుట్టలో పడిపోయిందేమోనని, పొద్దున బావ పారేసిన సంచీ కూడా విప్పి చూశాను" అంది. ఎందుకు తీశావని మాత్రం అడగలేదు.

క్షమించమని నేనూ అడగలేదు. "అక్కా, నీ ఫోటో ఒకటి తీసుకుంటాను" అన్నాను.

"ఈ నైటీలోనా? ఉండవే, చీర కట్టుకొస్తా."

"వద్దు. అలాగే ఉండు."

తీసుకున్నాను. ఐదూ అక్కవే తీశాను. ఆ తర్వాత, "ఆకలేస్తోందక్కా" అన్నాను. ఆవిడ బేసిన్ తీసి అన్నం కలిపింది. అమ్మాయి ముందే వచ్చి నోరు తెరుచుకుని కూర్చుంది. అక్క మొదటి ముద్ద దానికి పెట్టలేదు. నా నోట్లో పెట్టింది. ఎక్కువైన నెయ్యి నా గడ్డం మీదుగా కారింది.

ఏడాది ఇవ్వలేదు అక్కకి. అంత మారిపోలేదు నేను. పొద్దున్నే వచ్చి పిల్లని స్కూలుకి పంపడానికి ఒక పెద్దావిడని కుదుర్చుకుని, పడుతూ లేస్తూ ఫెలోషిప్ పూర్తిచేశాను. కానీ ఆ తర్వాత ప్రతి వేసవిలోనూ ఆరు వారాలు అమ్మాయి అక్క దగ్గరే. పెట్టె సర్దేటప్పుడు గౌన్లు లెక్కపెట్టి పెట్టడం మానేశాను. సొరుగులో ఎలాగూ ఉంటాయి.

తీసిన ఐదింట్లో ఒకటి బాగా వచ్చింది. అందులో అక్క నైటీలో నవ్వుతూ కెమెరా వైపు చూస్తోంది. ఎప్పుడు దూరిందో, అమ్మాయి పక్కన నిలబడి అక్క మొహంలోకి చూస్తోంది. అలాంటి చూపు నేనున్న ముప్పైఒక్క ఫోటోల్లోనూ వెతికాను. లేదు. నాకు ఇప్పటికీ కుళ్ళే. ఆ ఫోటోని మా వంటింట్లో బల్ల పక్కన, పిల్లకి అందే ఎత్తులో మేకు కొట్టి పెట్టాను. క్రిస్మస్ నాటికే అక్క నోరు పసుపు మరక కింద కనబడకుండా పోయింది.